ఊఁ

కళ్ళకు గంతలు కట్టినట్టు ముసుగు.
జక్కూరు ఎక్కడో కిందుంది, నాకీ సూదులే ఊరు.

చెవిలో అప్రోచ్ గొంతు:
నాలుగున్నర వేల దగ్గరే ఉండండి,
దిగేముందు చెప్పండి.
రోజర్ అన్నాను.

చిన్నత్త కథ చెబుతుంటే
సగం నిద్రలో ఊఁ కొట్టేదాన్ని.
రాజు అడవికెళ్ళినా ఊఁ,
పులి రాజును తిన్నా ఊఁ.
అదే ఊఁ ఇది.

ఈ పూట జక్కూరు టవర్లో మనిషి లేడు.
ఎక్కడున్నామో ఎవరి దండోరా వాళ్ళే వేసుకోవాలి.
వేశాను,
పాత ఫ్రీక్వెన్సీలో.

ఎత్తు చూపే ముల్లు జారుతోంది.
మాట కంటే ముందు
పొన్నప్ప గారి చెయ్యి నా చేతి మీద పడింది.
ముసుగు లాగేస్తే
హెబ్బాళ చెరువు మీద తెల్లటి రెక్క,
చక్రానికంటిన ఎర్రమన్ను కనబడేంత దగ్గర.

దిగాక తిట్టలేదాయన.
కాఫీ చల్లార్చుకుంటూ
"ఏమన్నాడు?"
"ఉండమన్నాడు."
"నువ్వు?"
"విన్నానన్నాను."
"అంతేగా" అని గ్లాసు కింద పెట్టారు.

ఆ రాత్రంతా గోడకు పాఠం అప్పజెప్పాను,
అంకె వెనక అంకె.

మధ్యలో చిన్నత్త ఫోను. తిన్నావా?
తిన్నాను. రెండు చపాతీలు. తొమ్మిదింటికి.
ఏమైందే నీకు, అంది.