కొక్కెం పడని రింగు

బొటనవేలి గోరంత.
దీనారున్నర పెట్టి మనామల కొన్న.
డబ్బా మీద చీనీ అక్షరాలు,
లోపల అరచేతి కన్న చిన్న సీడీ.
సీడీ మింగే నోరే లేదు నా కంప్యూటర్‌కు.
ఆఫీసోళ్లు పారేస్తుంటే
ఫోర్‌మన్‌ను బతిమాలి తెచ్చుకున్న,
సల్మాబాద్ దాక బస్సుల ఒళ్లె పెట్టుకొని,
నిద్రపోయిన పిల్లను తెచ్చినట్టు.

గుచ్చిన.
టింగుమన్నది.
కొత్త పరికరం దొరికిందన్నది,
ఆ వెంటనే, ఎవరో ఎరుక లేదన్నది.
పసుపుపచ్చ ముక్కోణం, నడుమ ఆశ్చర్యార్థకం.
సైటు మీద గసొంటి బోర్డు కనవడితే
ఎనుకకు అడుగెయ్యాలని నేర్పిన్రు మాకు.
నేను ఇంకింత ముందుకు వంగిన.

"డ్రైవర్ కావాలె" అన్నడు లింబాద్రి
పై మంచం మీంచి కాళ్లూపుకుంట.
డ్రైవరెందుకు, ఇదేమన్న బండా?
"నెట్‌ల ఉంటది, దించుకో."
నెట్ కోసమే గదనే ఇదంత!
పెండ్లయితె గని పిచ్చి కుదురదు,
పిచ్చి కుదిరితె గని పెండ్లి కాదు.
ఆ సామెత కట్టినోడు
ఎన్నడో ఈ తెర ముందట కూసున్నడు.

చిన్నప్పుడు పొయ్యారిపోతే
పక్కింటికి పోయి నిప్పు తెచ్చేది,
పిడక మీద, చెయ్యి అడ్డం పెట్టుకొని.
అట్లనే పోయిన,
పెన్‌డ్రైవ్ గుప్పిట్ల పట్టుకొని,
మమ్మద్‌కోయ కోల్డ్ స్టోర్‌కు.
పెరుగు డబ్బాలు, ఫోన్ కార్డులు, నడుమ ఆయన లాప్‌టాప్.
మోడల్ నంబరేదన్నడు.
చీమ కాళ్ల అక్షరాలు, ఫోన్ల ఫొటో తీసి
పెద్దగ జేసి ఇద్దరం చదివినం.
ఇది సున్నానా, ఓ నా?
సున్నా అయితె ఒక డ్రైవర్,
ఓ అయితె ఇంకోటి.
రెండూ తెచ్చిన.
పైసలొద్దన్నడు. ఊకె రాబుద్ధి గాక పెరుగు కొన్న.

మొదటిది కాలే.
రెండోదానికి పచ్చ గీత మెల్లగ పాకి
తొంభై తొమ్మిది కాడ ఆగింది,
కొత్తగ బీమెక్కినోడు కిందికి చూసి ఆగినట్టు.
పెరుగు తినుడు ఆపి లింబాద్రి దిగిండు.
దాటింది.
నీలంగ మిణుక్కుమన్నది.

దిగినయి పేర్లు తెర మీదికి,
గ్యారేజీలవి, వడ్రంగి షాపువి, ఎవరో ఒక మరియంది.
అన్నిటికీ తాళం బొమ్మ.
మా క్యాంపుది వాచ్‌మన్ గదిల, వాకిట్ల అవుతల,
చీటి మీద రాసిచ్చిండు తాళం చెవి.
గీతలు చూస్తె ఒక్కటే.
పొడుగు వైరుకు తగిలించి
అడాప్టర్‌ను చేతబట్టి గదంత తిరిగిన,
నీళ్ల జాడ చూసేటోడు
టెంకాయ పట్టుకొని తిరిగినట్టు.
మొఫజ్జల్ మంచం ఎక్కితె రెండు,
కిటికీ ఊచకు ఆనిస్తె మూడు.
జేబుల మిగిలిన బైండింగ్ వైరు తీసి
రెండు చుట్లు, ఒక మెలి.
ఆ ముడి నాకెవలూ నేర్పనక్కర లేదు.

పన్నెండేండ్ల సంది
ఎవడో గీసిన గీతను ఇనుము చేస్తున్న.
ఇనుమును గీత చేసుడు నేర్వాలని
ఇంత ఆరాటం.
డ్రాయింగ్ పాఠం, మొదటిది, హిందీల.

"భాయ్, ఒక్క నిమిషం" అన్నడు మొఫజ్జల్.
వాళ్ల దిక్కు నదికి నీళ్లెంత ఎక్కినయో చూడాల్నట.
మంచం ఆయనది, కిటికీ ఆయనది. జరిగిన.
ఆయన ఎనుక నేపాలాయన, ఆయన ఎనుక లింబాద్రి.
నిమిషం పదకొండున్నర అయింది.
పొద్దుగాల నాలుగింటికి బస్సు.

అందరు పండుకున్నంక పాఠం మీద నొక్కిన.
నల్లటి తెర, నడుమ తెల్లటి చుట్టు
తిరుగుతనే ఉంది, ఒక కాడ సందు ఇడిసి.
నా కంటికి అది రింగే.
కొక్కెం పడలే ఇంక.
వేల రింగులు వంచిన చేతులివి,
దాన్నొక్కదాన్ని పట్టుకోను రాకపాయె.
మొఫజ్జల్ అటు దిరిగి
నీలి మిణుకు మీదికి లుంగీ గుంజిండు.
నేను చూస్తున్న.
చూస్తున్ననే గని వేళ్లు రెండు,
వైరు లేకున్న,
మెలి తిప్పుతున్నయి.