ఉమ్మడి గోడ

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
కట్టిన ఇల్లు విప్పి చూడమని
మా పెద్దలెవరూ అనలేదు.

నాటింగ్‌హమ్‌లో, ఫారెస్ట్ ఫీల్డ్స్ వాలు వీధిలో
నూట ముప్పై ఏళ్ల ఎర్రిటుకల వరస.
అందులో మాది పదిహేడో నంబరు.
రెండు పడకగదులు, నలుగురం.
నవంబరుకు ఐదుగురం.
హైమకు నెలలు నిండుతున్నాయి,
డెస్మండ్ అంచనా కాగితంలో సున్నాలు నిండుతున్నాయి.

సోమవారం అతను సుత్తితో ఒక్కటి వేశాడు.
పెచ్చూడి నా దోసిట్లో పడింది.
సున్నం. దాన్లో వెంట్రుకలు.
"గుర్రానివి. పట్టు కోసం కలిపేవాళ్లు అప్పట్లో."
మేదిని ఆ పెచ్చును చెప్పుల పెట్టెలో పడుకోబెట్టి
పూటకో క్యారెట్ ముక్క వేస్తోంది.

మూసేసిన పొయ్యిలో పిట్టగూడు,
గోడకాగితం కింద గోడకాగితం, దాని కింద ఇంకోటి,
నేలచెక్కల సందులో గుండుసూది,
ఒక పాలపన్ను.
ఋత్విక్ గబగబా తన నోరు తడిమి చూసుకున్నాడు.

మూడు వారాలుగా మెట్ల కింద, మైక్రోవేవ్‌తో కాపురం.
దోసెపిండి మీద ఇటుక పొడి వాలితే
గరిటెతో పైపైన తీసేసి పోశాను.
ఎవరికీ చెప్పలేదు.

అటక గది కావాలంటే
ఇనుప దూలం ఒక కొన పక్కింటి గోడలో దిగాలి.
ఆ గోడలో సగం ఇటుక మాది, సగం ఆవిడది.
సంతకం కావాలి.

పందొమ్మిదో నంబరు తలుపు కొట్టాను.
మావిస్ గారికి ఎనభై నాలుగు.
ఆరేళ్ల పొరుగు, చెత్తబుట్టల వారం గురించి తప్ప
మేం మాట్లాడుకున్నది లేదు.
కళ్లజోడు వెతుక్కుని ప్రతి పేజీ చదివింది.
"గోడ పొడుగునా శబ్దం ఆపే పలకలు కూడా బిగిస్తామండీ,
ఇక పిల్లల గోల మీకు వినపడదు" అన్నాను
దానం చేస్తున్నవాడి గొంతుతో.

కలం ఆగింది.

"మీ పెద్దపాప ఏడో ఎక్కంలో ఇంకా తడబడుతోందే.
రాత్రి తొమ్మిదికి మీ ఆవిడ ఏదో చెబుతుంది, మీ భాషలో,
కథ కాబోలు.
చివర్లో అందరూ నవ్వుతారు.
ఆ నవ్వయ్యాక నేను దీపం ఆర్పుతాను."

గోడలకు చెవులుంటాయని
మా ఇంట్లో గొంతు తగ్గించడానికి చెప్పేవాళ్లు.

సంతకం పెట్టింది, కాగితం వెనక్కి అచ్చు దిగేలా నొక్కి.
పక్కన ఖాళీలో, ఏ చట్టంలోనూ లేని ఒక వాక్యం:
పలకలకు నాకు అభ్యంతరం.

డెస్మండ్ తల గోక్కున్నాడు.
పై గదికి రూలు ప్రకారం తప్పదట,
కింది గోడ జోలికి పోనన్నాడు.
అందుకని కొత్త గది మాకు.
కిటికీ, వెలుతురు, బాకీ, అన్నీ మాకే.
పిల్లలు పాత గదిలోనే.
రాబోయేవాళ్ల ఉయ్యాల కూడా ఆ గోడవైపే జరిపాం.

నిన్న రాత్రి మేదిని
ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయింది.
నేను చెప్పబోతుంటే హైమ చెయ్యి పట్టి ఆపింది.
గోడ అవతల ఎవరో దగ్గారు.

యాభై ఆరు, అంది మేదిని.