నాలుగు వేళ్ల బాజీ

ఆటోనగర్‌లో ముప్పయ్యారేళ్లు రేకులు కొట్టాను.
లారీ బాడీలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి,
మనుషుల మాటలే లేవు.

అందుకే ఫోనంటే నాకు మంట.
గుంటూరు ఆనందపేట నుంచి బాజీ చేసేవాడు.
వాడికీ వినపడదు.
ఇద్దరు చెవిటాళ్లు "ఆఁ? ఆఁ?" అనుకోడానికి
రీఛార్జి దండగని మానేశాం.

షెడ్డులో మాకు నోటితో పనుండేది కాదు.
చూపుడువేలు వంచితే ఇంకో సూత్రం లోపలికి.
గుప్పిట గడ్డం కింద పెడితే ఓనరొస్తున్నాడు.
చిటికెనవేలు ఊపితే టీ.
అరచెయ్యి తిరగేసి ఊదితే
అడ్వాన్సు అడిగాను, లేదన్నాడు.

పటమటలో పెద్దవాళ్ల క్లబ్బుకి
ప్రసూన అనే పిల్ల ఒక నల్ల డబ్బా తెచ్చింది.
నా కళ్లకు కట్టింది. వెల్డింగు అద్దాలకన్నా బరువు.
పడిపోతానేమోనని వెనకే నిలబడింది.

లోపల ఏదో ఏటి గట్టు. ఎండ ఉంది గాని వేడి లేదు.
ఎదురుగా ఎవడో నల్లజుట్టు కుర్రాడు,
నడుం దాకానే ఉన్నాడు, కింద గాలి.
నా కిందా గాలే. మోకాళ్లే లేవు, ఇంక నొప్పెక్కడ?
వాడు చెయ్యెత్తాడు.
ఐదు వేళ్లు.

వీడు బాజీ కాదమ్మా, అని అరిచాను.
బాజీ ఉంగరపువేలు
తొంభై ఒకటిలో కటింగ్ మిషను కింద పోయింది.
గుడ్డలో చుట్టి, రిక్షాలో పెద్దాసుపత్రికి
పట్టుకెళ్లింది నేనే.
అతకదన్నారు. వచ్చేదారిలో
బందరు కాలవ గట్టున పూడ్చాం.
వాడు నవ్వుతూ దువా చదివాడు, నేనే ఏడ్చాను.

డబ్బా ఏం తెలుసుకుని మొలిపించిందో ఆ వేలు!

కుర్రాడు తన చేతివంక చూసుకున్నాడు.
కొత్త చెప్పులేసుకున్నవాడిలా
కాసేపు ఆడించుకున్నాడు దాన్ని.
తర్వాత నెమ్మదిగా
అరచేతిలోకి మడిచేశాడు.

ఒరేయ్.

ఇరవై నిమిషాలు.
వాడి కూతురు కూరల్లో ఉప్పు తగ్గించేసిందిట.
నా షుగరు సంగతి నేను చెప్పాను.
గుప్పిట గడ్డం కింద పెట్టి, వేలు పైకి చూపించాడు:
ఓనరు పోయాడు.
వస్తున్నాడేమోనని
ఇద్దరం ఓసారి వెనక్కి చూశాం.

డబ్బా తీసేసరికి ప్రసూన కాగితం మీద
పెద్దక్షరాలతో రాసి చూపించింది:
ఏం మాట్లాడుకున్నారు తాతగారూ, మాటే వినపడలేదు?

ఇంటికొచ్చి
కోడలికి చిటికెనవేలు ఊపాను.
పాపం, గబగబా లేచెళ్లి
బాత్‌రూము లైటేసింది.