పద్నాలుగు అడుగుల రేకు

వేలంలో ఎవరూ చెయ్యెత్తలేదు.
నేను ముక్కు గోక్కున్నాను, అంతే,
నలభై డాలర్లకి పడవ నాదైంది.

గాలి దిగిన టైర్ల ట్రైలర్ మీద
విన్నిపెగ్ సరస్సుకి ఆరు మైళ్ళ ఇవతల
పచ్చటి కనోలా పూల మధ్య నా పెరట్లోకి వచ్చింది.
ఓడలు బళ్ళవుతాయంటారు,
బండెక్కిన ఓడ తరవాత ఏమవుతుందో
ఎవరూ చెప్పలేదు.

పాతికేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నాను.
బ్రేకు చప్పుడు వింటే దాని జబ్బు చెప్పగలను.
పడవ సంగతి మాత్రం
ఏది ముందో ఏది వెనకో, అంతవరకే.

సీటు కింద ఎలుక కట్టుకున్న ఇల్లు:
ఎవరిదో చేపల లైసెన్సు చింపి పరుపు,
నైలాన్ దారం, గాలం మీది ఎర్ర ఈక.
వెనక పలక పట్టుకుంటే
నానిన రొట్టెలా చేతికొచ్చింది.
ఆకుపచ్చ రంగు గీకితే కింద నీలం,
నీలం కింద మళ్ళీ ఆకుపచ్చ.
ఎవరో మనసు మార్చుకుని, మళ్ళీ మార్చుకున్నారు.

కుళ్ళిన పలకనే కొలతగా పెట్టి కొత్త చెక్క కోశాను.
కుళ్ళినది కుంచించుకుపోతుందని
కోశాక తెలిసింది.
రెండోది అట్ట మీద గీసి కోశాను, తిరగేసి.
మూడోది సరిపోయింది.
మొదటి రెండూ కోళ్ళగూటి తలుపులు.

కారే చోటు తెలియాలంటే
పడవని నీళ్ళలో వెయ్యక్కర్లేదు,
నీళ్ళే పడవలో పొయ్యి, అన్నాడు
ఇనుప సామాన్ల కొట్టు హ్యాల్మర్.
గొట్టం పెట్టి కింద గడ్డిలో పడుకున్నాను.
చాలాసేపు ఏమీ లేదు.
తరవాత ఒక రివెట్ తల చెమర్చింది.
దాని పక్కది.
ఆ పైన వరస వరసంతా,
పరీక్ష రోజు పిల్లల నుదుళ్ళలా.
మైనపు పెన్సిల్‌తో సున్నాలు చుట్టుకుంటూ పోయాను.
నలభై ఒకటి.

రివెట్ ఒక్కరి పని కాదు.
బయట ఒకరు కొట్టాలి,
లోపల ఒకరు ఇనుప దిమ్మ అదిమి పట్టాలి.
రెండు చేతులూ నావే పెట్టి చూశాను,
చూసి, బొటనవేలికి గుడ్డ కట్టుకున్నాను.

గేటు మీద కూర్చుని ఉంది రూనా.
బస్సు కిటికీలోంచి ఉమ్మిందని
ఆ ఏడు రెండుసార్లు ఫిర్యాదు రాసింది నేనే.
"నీకిది రాదు కదా?" అంది.
"రాదు."
అబద్ధమాడనందుకేమో, గేటు దిగింది.

పదకొండేళ్ళ ఒళ్ళు.
పడవ మూతి లోపలికి, నేను దూరలేని ఇరుకులోకి
పిల్లిలా పాకిపోయింది.
రేకుకి అటు తను, ఇటు నేను.
ఒక దెబ్బంటే సిద్ధం, రెండంటే తరవాతది.
మూడంటే ఏమిటో మేం అనుకోలేదు.
మధ్యలో ఒకసారి మూడు కొట్టింది.
కాసేపు ఆగి
నేనూ మూడు కొట్టాను.

సెప్టెంబరు మొదటి శనివారం
ట్రైలర్‌ని రేవులోకి వెనక్కి నడిపాను,
అదొక్కటే నాకు నిజంగా వచ్చిన విద్య.
తేలింది.
ఒడ్డున హ్యాల్మర్ టోపీ తీశాడు.
ముప్పై గజాలు పోయామో లేదో
నా బూట్లలోకి సరస్సు వచ్చింది.

నలభై ఒక్క రివెట్లూ వంగి వంగి తడిమాను.
దేనికీ పాపం తెలియదు.
"అదీ" అని రూనా వెనక పలక అడుగున చూపించింది.
పరీక్ష నీళ్ళు వదలడానికి
బిరడా పీకిన కన్నం.
ఆ బిరడా జూన్ నుంచీ
మా వంటింటి కిటికీలో, ఉప్పు డబ్బా పక్కన ఉంది.

నవ్వి నవ్వి ఊపిరాడక
నోట్లో చూయింగ్ గమ్ తీసి కన్నంలో కూరింది,
దాని మీద బొటనవేలు నొక్కింది.
బస్సులో గమ్ నమలరాదని బోర్డు పెట్టించింది నేనే.

డబ్బాతో నీళ్ళు తోడుతూ
"వెనక్కి తిప్పనా?" అన్నాను.
"ఇంకొంచెం దూరం," అంది,
వేలు తియ్యకుండా.