పడ్డచోటు

స్టాక్‌టన్‌లో కాలువ పక్క తోట.
ఫిబ్రవరి పొగమంచు ఇంకా విడలేదు.
కౌంటీ నన్ను పంపింది
మూడుకాళ్ళ యంత్రంతో, డబ్బాడు మేకులతో,
ఇరవై మూడో మడికీ ఇరవై నాలుగో మడికీ మధ్య
జానెడున్నర నేల ఎవరిదో తేల్చమని.

"నీ యంత్రాన్ని కాసేపు ఆగమను" అన్నాడు గుయ్‌గుయొన్ తాత.
"ముందు మేం తేల్చుకుంటాం."
అవతల పగద్దుత్ తాత తలూపాడు.
రెండేళ్ళలో వాళ్ళిద్దరికీ కుదిరిన మాట
ఇదొక్కటేనట.

ఇఫుగావో కొండల్లో
మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ళలో
వానకి గట్టు జారిపోతే
ఒకళ్ళ మొలగుడ్డ ఒకళ్ళు పట్టుకుని
పెనుగులాడతారట. బుల్తొంగ్.
పడ్డచోటే సరిహద్దు.
చూసేది పోయినవాళ్ళు. వాళ్ళ దగ్గర బొంకు చెల్లదు.

మా వైపు గట్టు తగాదా అంటే
వకీలు కొడుకు వకీలయ్యేదాకా సాగుతుంది.
ఆ మాట పైకి అనలేదు నేను.

తాతలిద్దరివీ కొత్త మోకాళ్ళు.
అందుకని గుయ్‌గుయొన్ తరఫున మనవడు కెర్విన్,
లేథ్రప్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ తోలేవాడు.
పగద్దుత్ తరఫున కోడలు జోసెలిన్.
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది,
నీలం ఆసుపత్రి బట్టల మీదే
ఎర్ర నేతగుడ్డ నడుముకి బిగించి.
"ఆడమనిషా?" ఎవరో గొణిగారు.
"మా ఇంట్లో బరువెత్తేది తనే" అన్నాడు మామగారు.

పట్టు పట్టారు.
కేకలుంటాయనుకున్నాను.
ఊపిరి తప్ప ఏమీ లేదు.
చెవికి చెవి ఆనించి
ఇద్దరూ ఒకే గుట్టు వింటున్నట్టు
చిలగడదుంప తీగల్లోంచి చేమాకుల్లోకి
అడుగడుగే జరుగుతున్నారు.
బురద వాళ్ళ చెప్పులు ఊడబెరికి దాచుకుంది.

రాత్రంతా మంచాల మీద మనుషుల్ని
నొప్పి తెలియకుండా పక్కకి తిప్పే చేతులు
కెర్విన్‌నీ అలాగే ఎత్తాయి.
అలాగే దించాయి.
చతికిలబడ్డాడు
పగద్దుత్ వాళ్ళ చేమమడిలో,
తగువు నేల దాటి ఇంకో మూరెడు లోపలికి.

గెలిచింది ఆమె.
గట్టు జరిగింది ఆమె మడిలోకే.

ఎవరూ కిక్కురుమనలేదు.
పగద్దుత్ తాత విరిగిన చేమకాడ ఏరి
పంట్లాముకి తుడిచి
గుయ్‌గుయొన్ బుట్టలో వేశాడు.
జోసెలిన్ కెర్విన్ పక్కనే బురదలో కూలబడి
"నిద్రొస్తోంది, ఎవరైనా కారు తోలండి" అంది.

"మేకు కొట్టమ్మా" అన్నారు తాతలు.
అతను కూర్చున్న గుంటలోనే కొట్టాను.
యంత్రం ఎర్రగా మిణుకుతూనే ఉంది
తప్పు, తప్పు అని.
నా కోటు విప్పి
దాని మీద కప్పాను.