మూడో కత్తెర తర్వాత

మంగళవారం ఎంటికలు కత్తిరించుకోకూడదంట.
శుక్రవారం కూడా. శనివారం సరేసరి.
బుధవారం మధ్యాన్నం కరెంటు పోయింది,
మిషను ఆగింది.
కొర్లగుంట వీధి మొత్తం కునుకు తీస్తా ఉంటే
తలుపు గడియ పెట్టుకున్నా.

బీరువా అద్దం ఎదురుగా స్టూలు.
చింతపండు డబ్బాకు ఆనించి ఫోను.
దాంట్లో ఒక పిల్ల నవ్వుతా చెప్తా ఉంది,
లేయర్లు రావాలంటే జుట్టంతా ముందుకు దువ్వి
నుదుటి మీద పిలక కట్టుకోవాలంట, కొమ్ము మాదిరి.
కట్టుకున్నా.
నలభై మూడేండ్ల ఒంటికొమ్ము ఆవొకటి
అద్దంలోంచి నా పక్క చూసింది.
నవ్వు ఆగక కాసేపు అట్లే కూర్చుండిపోయినా.

కత్తెర కాడ మళ్ళీ ఆగినా.
గుడ్డ కత్తెర ఎంటికకు తగిలితే పదును చస్తుందని
నాకు పని నేర్పిన కుప్పమ్మక్క మాట.
ఇన్నేండ్లూ దాంతో కాగితం కూడా కోయనీలేదు,
పిల్లోళ్ళు ముట్టుకుంటే చేతి మీద కొట్టినా.
వంటింటి కత్తెరేమో పాలప్యాకెట్టుకే లొంగదు.
సరే, పోతే పోయింది పదును,
సాన పట్టేవాడు ఊర్లోనే ఉండాడు.

ఈ ఊర్లో జుట్టుకు రెండే లెక్కలు:
ఇస్తే గుండు,
ఆడోళ్ళం వెనకాడితే మూడు కత్తెరలు.
పెండ్లయిన కొత్తలో మా అత్త నిలబెట్టి ఇప్పించింది
నా కొసలవి, మూడు.
అప్పుడు జడ నడుం దాటేది.
డెంగీ జరం వచ్చిపోయినాక మిగిలింది ఎలకతోక.
దానికి సవరం తగిలించి, పైన కనకాంబరాలు చుట్టి,
ఎవరి తలవో ఆ ఎంటికలు, ఎవరి మొక్కో,
పన్నెండేండ్లు నా వీపు మీద మోసినా.

ఒకటి.
రెండు.
మూడు కాడ చెయ్యి తనంతట తానే నిలబడిపోయింది.
చేతులు జోడించబోయి, కత్తెర ఉంది గదా అని మానుకున్నా.
నాలుగోది ఎవరికీ మొక్కుకున్నది కాదు.
ఐదు, ఆరు.
కత్తెర నిలువుగా పట్టాలంట,
అడ్డంగా కోస్తే చీపురుకట్ట అవుతుందంట.
ఆ తర్వాత లెక్క తప్పింది.

రబ్బరు బ్యాండు తీసినా. పడింది జుట్టు
చెవుల కాడొక మెట్టు, గడ్డం కాడొకటి, భుజం మీదొకటి.
వెనక ఎట్లుందో తెలీదు.
వీధిలో ఎవరి వీపుకు ఎంత లోతు మెడ నప్పుతుందో,
ఎవరి భుజం ఏ పక్క జారుతుందో నా టేపుకు తెలుసు.
నా వెనకపక్క మటుకు
నేను వేళ్ళతో తడుముకుని తెలుసుకున్నంతే.
ఎడమపక్క రెండేళ్ళ పొడుగు మిగిలిపోయింది.
జాకెట్టయితే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని.
దీనికి విప్పడం అనేది లేదు.

అంతలో కరెంటు వచ్చింది.
ఫ్యాను తిరిగింది.
కోసినవన్నీ లేచినాయి గుంపుగా,
పోయి హేమలత టీచరమ్మ
రేపటికి కావాలన్న మెరూన్ గుడ్డ మీద వాలినాయి.
నేను కదల్లేదు.
మెడ వెనక, జడ కింద ఎన్నడూ ఎండ చూడని తావున
గాలి తగలతా ఉంది.

నాలుగింటికి సైకిలు గంట:
"ఎంటికలకు గిన్నెలూ!"
ఊడ్చిందంతా కవర్లో పోసి తీసుకుపోయినా.
వాడు దోసిట్లో పోసుకుని చూసి తల అడ్డంగా తిప్పినాడు.
"పొట్టివి పనికిరావమ్మా, జానెడన్నా ఉండాల."
తక్కెట్లో వేసి చూడు అన్నా.
ముల్లు కదల్లేదు.
లోపలికి పోయి మేకు నుంచి సవరం తీసి తెచ్చినా.
దానికి ముల్లు కదిలింది,
స్టీలు టీ జల్లెడొకటి వచ్చింది.

ఇప్పుడు ఆ జల్లెట్లోనే వడగట్టుకున్న టీ
పక్కన చల్లారతా ఉంది.
మెరూన్ గుడ్డ మీద ఎంటికలు
ఒక్కొక్కటే ఏరతా కూర్చోనుండా,
ఎడమపక్క పొడుగు మాటిమాటికీ కంట్లో పడతా ఉంటే
ఊదుకుంటా.