పద్నాలుగు జతల సాక్సులు

అడ్వాన్సు కట్టిన దినం ఎండ కాస్తా ఉండింది.
బైపాస్ రోడ్డులో నాలుగో అంతస్తు,
అద్దాల వెనక రంగురంగుల జారుడుబండలు.
కౌంటర్లో పిల్ల నవ్వుతా చెప్పింది:
"పద్నాలుగు మంది పిలకాయలు, రెండు గంటలు,
సాక్సులు కంపల్సరీ మేడం, జత అరవై."
ఎనిమిది నూర్ల నలభై.
మా జెరాక్సు అంగట్లో
అది నాలుగు నూర్ల ఇరవై కాగితాలు.
పోనీలే అనుకున్నా,
ధన్వికకు ఆరేండ్లు ఒకసారే గదా నిండేది.

ఆ ఆదివారం తెల్లారకముందే వాన పట్టుకునింది.
సముద్రంలో వాయుగుండమంట,
దానికి పేరు కూడా పెట్టేసినారంట.
వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జి కింద నడుములోతు నీళ్ళు.
ఫోన్ చేస్తే,
"డేట్ మారిస్తే అడ్వాన్సు రాదు మేడం."
అదే నవ్వు, వినపడతా ఉంది.

ఊరంతా చుట్టుకొని పోయినాం.
ఆటోలో నా ఒళ్ళో కేకు,
కేకు మీద పట్ట,
పట్ట మీద మా అత్త మునెమ్మ చెయ్యి.
లిఫ్టుకు కరెంటు లేదు.
ఎనభై నాలుగు మెట్లు. పాప లెక్కపెట్టింది.

గోడ మీద పెద్ద స్క్రీనులో
హ్యాపీ బర్త్‌డే అద్విక్.
మార్చే పిలగాడు వానకు రాలేదంట.
ధన్విక ఇప్పుడిప్పుడే
అక్షరాలు కూడబలుక్కుంటా ఉంది.
ఈ ఒక్కటి చదవకుండా ఉంటే బాగుండు అనుకున్నా.
చదివింది.
"ఆ అబ్బాయి గూడా మన పార్టీకి వస్తాడామ్మా?"

నాలుగింటికి టైమరు నొక్కినారు.
నాలుగూ పదికి, నా ఫోన్లో
సారీ అండీ, జ్వరం.
సారీ, మా వీధంతా నీళ్ళు.
సారీ, బండి స్టార్టు కాలా.
ప్రతి సారీ కిందా జోడించిన రెండు చేతులు.
వచ్చింది నలుగురు.
అందులో ఒకడు కౌంటర్ పిల్ల తమ్ముడు,
ఇంట్లో ఇడిసే దిక్కులేక తెచ్చుకునింది.
వాడి కాళ్ళకు గూడా మా లెక్కలోని సాక్సులే.

గుణశేఖర్ వీడియో కాల్ చేసినాడు.
ఘాట్ రోడ్డులో రాళ్ళు పడి
యాత్రికుల బండితో పైనే ఇరుక్కున్నాడు.
పాట ఎత్తుకోబోయి
తెరిచిన నోటితో తెర మీద అట్లే ఆగిపోయినాడు.

అప్పుడు పోయింది కరెంటు, మొత్తానికి.
గాలికోట ముందు బురుజులు వాల్చింది,
తర్వాత మోకాళ్ళ మీద కూలబడింది,
లోపలున్న పిలకాయలు కెవ్వున అరిచి
మళ్ళా పెట్టమన్నారు.
టైమరు మాత్రం బ్యాటరీది. ఆగలేదు.

నేను మేనేజర్‌తో గొడవ పడతా ఉంటే
మా అత్త
పిలకాయల సాక్సుల్లో సగం పాదాలు దూర్చి,
మడమలు బయటేసుకొని,
బంతుల గుంతలో దిగింది.
ఒక రూపాయి దొరికింది. ఒక పిన్నీసు.
ఒక పాలపన్ను.
"ఎవురి బిడ్డదో, మిద్దె మీద ఎయ్యాల్సింది" అని
కొంగున ముడేసుకునింది.
ఆ రాత్రే, ఆ వానలోనే
మా మిద్దె మీదికి ఇసిరేసింది,
మొక్కుకొని.

వాపసు ఒక్క పైసా రాలేదు.
కేకులో ముక్కాలు భాగం
ఆటో ఆయనకు, వాచ్‌మెన్‌కు, ఓనరమ్మకు పంచినా.
మిగిలినవి ఎనిమిది జతల సాక్సులు, పసుప్పచ్చవి,
అడుగున రబ్బరు చుక్కలు,
కవర్లు చించనివి.

రాని వాళ్ళ మీద కోపం లేదు అంటాను అందరితో.
ఒక్కో కవరు పట్టుకొని ఇది ఎవరిదై ఉండునో అని
మూడు రాత్రులు లెక్కేసినా.

నాలుగోనాడు అంగట్లో
నాలుగు కుర్చీల పదహారు కాళ్ళకు తొడిగేసినా.
బండల మీద ఇనుము గీరే చప్పుడు పోయింది.
ధన్విక స్కూలు ఇడిసినాక వచ్చి చూసి
కుర్చీకి ఇద్దరి పేర్లు చొప్పున పెట్టింది.
ఆధార్ కాగితం చేతపట్టుకొని
ఎవరో పెద్దాయన కూచోబోతే,
"తాతా, మెల్లగా.
ఆడ రూపశ్రీ, లోకేశూ ఉండారు."

నిన్న హోంవర్కు రాస్తా, తల ఎత్తకుండానే అడిగింది:
"మళ్ళా పుట్టినరోజుకు గూడా ఆడికేనా అమ్మా?
కోట పడిపోయేది మళ్ళా చేస్తారా?"

మిషన్లో కాగితం ఇరుక్కునింది.
తీస్తా ఉండిపోయినా.